తొలి గడప

మా యింట నొక పాత ట్రంకుపెట్టె కలదు. అది మా తల్లిగారిది. దాని తాళపుచెవి ఆమె కొంగున ముడివేయబడి యుండెడిది. అందులో నేమున్నదని మా తండ్రిగా రెన్నడును అడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు. అడుగకపోవుటచేత ఆయనకు కలిగిన కొరతయు లేదు. ఆమె పోయిన తరువాత కర్మములు ముగిసిన మరునాడు పెట్టె తెరచితిమి. రెండు పట్టుచీరలు, కొన్ని వెండి నాణెములు, నేను చిన్నతనమున విరుగగొట్టిన పలక ముక్క, పుట్టింటివారు వ్రాసిన జాబుల కట్ట యొకటి, ఇంతే కనబడినవి. ఆ జాబులను చదువక చీరల నడుమనే మరల నుంచితిమి.

ఇట్టి యింట పుట్టి, సంస్కృతమును ఆంగ్లమును చదువుకొని, ఇరువదియేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్న నేను, నలుబదియారవయేట ఒక తాళము విషయమున నెట్లు దారి తప్పబోతినో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. చదువరులు నన్ను చూచి నవ్వినను నవ్వవచ్చును. నవ్విన పిమ్మట తమతమ యిండ్లను గూడ నొకమారు పరికించిన చాలును.

మాది ధర్మవరము. పట్టుచీరలవలన పేరుపడిన ఊరు. మగ్గములున్న వీధులలో నడచువారికి నాడె పోవు చప్పుడు నేటికిని వినవచ్చును గాని, మా చిన్ననాడున్న దట్టము దానికిప్పుడు లేదు. నేతయిండ్ల బిడ్డలలో ననేకులు వేరువృత్తులకు పోయిరి. అట్టివారిలో నొకడు, నాయొద్ద పదవతరగతి చదివినవాడు, రైలుస్టేషనునకు పోవు దారిలో ఫోన్లు మరమ్మతుచేయు చిన్న దుకాణము పెట్టుకొన్నాడు. వ్యాకరణమున వానికి మంచి మార్కులు ఎన్నడును రాలేదు. చేతిపని మాత్రము తండ్రివద్దనుండి వచ్చినది. తెగిన పట్టుపోగును కంటికి కనబడకుండ అతుకగల వంశమువాడు. ఫోనులోని తీగ వానికొక లెక్కా?

నాయొద్ద ఐఫోను 5ఎస్ అను పాత ఫోనొకటి యుండెను. 2013లో వెలువడిన రకమది; నేను చేతులుమారిన దానిని కొంటిని. కాలక్రమమున అది మూలపడినది. విరిగినది కాదు, చెడినది కాదు. తెర వెలుగుచునే యుండెను. అయినను క్రొత్త సాధనములేవియు దానిపై నెక్కవు. పాత ప్రతులు ఎక్కించుకొందమన్న అంగడిలో దొరకవు. నిఘంటువు నొకదానిని దానిలో నుంచుకొని తరగతికి తీసికొనిపోవలెనని నాకోరిక. ఆ కోరికతో నొకనాడు శిష్యుని దుకాణమునకు పోతిని.

వాడు దానిని తిరగవేసి చూచి, "చెకెమ్మెయిట్ పనిచేస్తుంది సార్ దీనికి. జైల్‌బ్రేక్ చేసిస్తా. కూర్చోండి" అనెను.

జైల్‌బ్రేక్ అనగా చెరను బద్దలుకొట్టుట. ఆ మాట వినగానే నా గుండె జల్లుమన్నది. "నాయనా, ఇది నేరము కాదుగదా?" అంటిని. వాడు నవ్వి, "ఫోను మీదే గదా సార్. మీ ఇంటి తలుపు మీరు తీసుకుంటే దొంగతనమా?" అనెను.

ఆనాడు రెండు గంటలు వాని యెదుట కూర్చుండి నేను నేర్చుకొన్నదానిని, పిమ్మట చదివి తెలిసికొన్నదానితో కలిపి, చదువరులకు చెప్పెదను. ఇది యంత్రశాస్త్రమని విడిచిపెట్టవలదు. ఇంటింట నున్న వస్తువునుగూర్చిన సంగతి యిది.

ఫోను నిద్ర మేల్కొనుట యొక్క అడుగున జరుగునది కాదు. మీట నొక్కగానే మొట్టమొదట పనిచేయునది చిప్పులోనే ముద్రింపబడిన యొక చిన్న ఆజ్ఞాపత్రము. దానిని బూట్‌రామ్ అందురు. అది ఫోను పుట్టునపుడే కార్ఖానాలో చెక్కబడును. ఆపై దానిని చెరపుటకుగాని దిద్దుటకుగాని చేసినవారికిని శక్యము కాదు. అది లేచి, తన తరువాత లేవవలసిన రెండవ ఆజ్ఞాపత్రముపై సంస్థవారి ముద్ర సరిగా నున్నదా యని పరీక్షించును. సరియైనచో దానిని లేపును. అది మూడవదానిని పరీక్షించి లేపును. ఇట్లు ఒకరి నొకరు గుర్తుపట్టుచు లేచిన పరివారమే మన మెరిగిన ఫోను. ఈ వరుసలో మొదటివాడు మోసపోయెనా, తరువాతివారందరును మోసపోయినట్లే.

నాకిది వెంటనే బోధపడలేదు. శిష్యుడు తన యింటి మగ్గమును దృష్టాంతముగా తెచ్చినాడు. చీర అంచునను కొంగునను పువ్వులు తీర్చుటకు మగ్గముపైన జకార్డు అను సాధనముండును. 1804లో జకార్డు అను ఫ్రెంచివాడు కల్పించినది. రంధ్రములు పొడిచిన అట్టలను వరుసగా కుట్టి దానికి తగిలింతురు. ఏ అట్టపై నెచ్చట రంధ్రమున్నదో దానినిబట్టి పడుగుపోగులు లేచును, పువ్వు పడును. అట్టలో నొక రంధ్రము తప్పుగా పొడిచిన, ఆ అట్టలతో నేసిన ప్రతి చీరలోను అదే తావున అదే తప్పు వచ్చును.

"అట్ట అయితే తీసి కొత్తది కుట్టుకుంటాం సార్. చిప్పులో చెక్కినదాన్ని ఎట్ల కుడతాం?" అని వాడు ముగించెను. ఇన్నియేండ్లు ఉపమాలంకారము బోధించితిని గాని ఇంత చక్కని యుపమానమును నేను చెప్పియుండలేదు.

యాపిల్ సంస్థవారి చిప్పులలో నిట్టి తప్పు రంధ్రమొకటి ఏడు తరములవరకు నడచినది. ఏ5 అను చిప్పు మొదలుకొని ఏ11 అను చిప్పువరకు, అనగా 2011నాటి ఐఫోను 4ఎస్ నుండి 2017నాటి ఐఫోను 8, ఐఫోను ఎక్స్ వరకు అది యున్నది. యాక్సియమ్ఎక్స్ అను మారుపేరుగల పరిశోధకుడొకడు 2019 సెప్టెంబరు 27వ తేదీన దానిని లోకమునకు వెల్లడిచేసెను. దానికి చదరంగమున రాజు కదలలేని తుదికట్టుకు ఆంగ్లమున నున్న పేరునే కొంచెము మార్చి పెట్టెను. మా శిష్యుడు పలికిన 'చెకెమ్మెయిట్' అదియే. విచిత్రమేమనగా, 2018 వేసవిలో సంస్థవారు తమ క్రొత్త ప్రతిలో నొక యతుకు వేసిరి. ఆ యతుకును చూచి యాతడు రంధ్రము జాడ పట్టెను. రెండవ ఆజ్ఞాపత్రమున అతుకు వేయవచ్చును. అదే తప్పు చిప్పులో చెక్కిన మొదటిదానిలోను ఉన్నచో అతుకు వేయువారెవరు?

ఆ తప్పు ఎట్టిదో చెప్పెదను. సత్రమొకటి యున్నదనుకొనుడు. బాటసారి రాగానే గుమాస్తా యొక గదినిచ్చి, గది సంఖ్యను తన పుస్తకమున వ్రాసికొనును. బాటసారి నడుమనే లేచిపోయినాడు. గుమాస్తా గదిని ఖాళీచేయించెను గాని పుస్తకములోని సంఖ్యను కొట్టివేయ మరచెను. ఆ గదిలో నిప్పుడు వేరొకరి సొమ్ములుండవచ్చును. మరల వచ్చిన బాటసారికి గుమాస్తా పుస్తకము చూచి ఆ గదినే చూపును. ఫోను తీగద్వారా బయటినుండి వర్తమానమును స్వీకరించునపుడు దానికై జ్ఞాపకస్థానమున కొంత చోటు కేటాయించుకొనును. పని నడుమ ఆగిపోయినచో ఆ చోటు విడిచిపెట్టును, కాని దాని గుర్తును చెరపదు. ఆ మరపులోనుండియే ప్రవేశము.

ఈ ప్రవేశము ఎల్లవేళల సాధ్యము కాదు. ఫోను మేల్కొనియున్నపుడు కుదరదు. ఆరిపోయి యున్నపుడును కుదరదు. మీటలను లెక్కప్రకారము పట్టి విడిచినచో, తెర నల్లగా నుండియే లోపల మెలకువతో తీగకై ఎదురుచూచు స్థితి యొకటి కలుగును, అపుడే కుదురును. ఇది వినగానే నాకు మా జిల్లాలోని కదిరి నరసింహస్వామి జ్ఞప్తికి వచ్చెను. హిరణ్యకశిపుడు పగలు వలదు రాత్రి వలదు, లోపల వలదు వెలుపల వలదు అని యెంతయో తెలివిగా వరమడిగినాడు. సంధ్యవేళయు గడపయు మరచినాడు. ఎంత బుద్ధిమంతుడు కట్టిన కోటకైనను ఒక సంధ్యవేళ యుండునేమో.

ఈ మార్గమునకు హద్దులును కలవు. ఫోను చేతిలో నుండవలెను, తీగ తగిలింపవలెను. దూరదేశమునుండి యెవరును ఇట్లు చొరబడలేరు. ఫోను ఆర్పి వెలిగించినచో చేసినది పోవును. మరల తీగ తగిలింపవలసినదే. 2018నుండి వచ్చిన ఏ12 మొదలగు చిప్పులకు ఈ ఉపాయము పారదు. ఇట్టి ప్రయత్నము ఇదియే మొదటిదియు కాదు. 2007లో ఐఫోను వెలువడిన కొలది నెలలకే జార్జి హాట్జ్ అను పదునేడేండ్ల అమెరికా బాలుడు అది ఒక్క కంపెనీ సేవకే కట్టుబడియుండు తాళమును విప్పెను. ఆతడే 2010 అక్టోబరులో లైమ్‌రెయిన్ అను పేర బూట్‌రామ్‌లోని రంధ్రమొకటి వెల్లడించెను. చెకెమ్మెయిట్ వచ్చిన పిమ్మట, 2019 నవంబరులో, దాని నాధారముచేసికొని సామాన్యులకు గూడ పనికివచ్చునట్లు చెక్‌రెయిన్ అను సాధనమును కొందరు కలిసి తయారుచేసిరి. 2020 మార్చిలో ఇంకొకరు ఐఫోను 7పై ఆండ్రాయిడునే నడిపించి చూపిరి.

మా శిష్యుడు చెక్‌రెయిన్‌తో నా ఫోనును విడిపించి, దానికి సరిపడు పాత నిఘంటువును ఎక్కించి చేతబెట్టెను. "బ్యాంకు పనులు, డబ్బు పంపడాలు దీంట్లో చేయొద్దు సార్. తలుపు తీసిన ఇల్లు ఇది" అని హెచ్చరించెను. నేను పొంగిపోతిని. మరునాడు ఉపాధ్యాయుల గదిలో దీనినిగూర్చి అరగంట యుపన్యసించితిని. కొన్నవానికి వస్తువుపై పూర్ణాధికార ముండవలెననియు, అమ్మినవాడు అమ్మిన పిమ్మటకూడ తాళపుచెవి తనయొద్ద నుంచుకొనుట న్యాయము కాదనియు చెప్పితిని. అమెరికాలో కాంగ్రెసు గ్రంథాలయాధిపతి 2010 జూలైలో ఫోన్లను ఇట్లు విడిపించుటను వారి కాపీరైటు చట్టపు నిషేధమునుండి మినహాయించిన సంగతి చెప్పితిని. మన దేశమున 1957నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేర్చిన 65ఏ విభాగము, ఇతరుల హక్కును అపహరించు తలంపుతో తాళము విప్పువానినే శిక్షించుననియు చెప్పితిని. మన వినియోగదారుల శాఖవారు మరమ్మతుహక్కునకై 2022లో ఒక సంఘమును నియమించి, ఆ యేటనే వెబ్‌సైటును గూడ తెరచిరని చెప్పితిని. ఇవన్నియు నిజములే. నేటికిని నే నా మాటలకు కట్టుబడియున్నాను. మంచి మగ్గమును అట్టలు దొరకవని పొయ్యిలో పెట్టువాడుండడు గదా! 2025 మే నెలనుండి వాట్సాపు ఐఓఎస్ 15.1కంటె పాతవానిపై నడచుట మానినది. అట్లు మూలపడిన వస్తువులకు ఇంకొక బ్రదుకు చూపువాడు లోకోపకారియే.

ఇంతవరకు నేను చెప్పినది కీర్తి. ఇక అపకీర్తి.

మా అమ్మాయి అనంతపురమున ఎం.ఏ. చదువుచున్నది. ఇరువదిరెండేండ్లది. గడచిన సంవత్సరము హిందూపురమునుండి యొక సంబంధము వచ్చినది. పిల్లవాడు ఉద్యోగస్థుడు, కట్నపు మాట లేదు, కుటుంబము మంచిది. అమ్మాయి వలదన్నది. ఎందుకు వలదో చెప్పలేదు. ఆమె తల్లి, "మీరొకసారి దగ్గర కూర్చోబెట్టుకొని అడగండి" అని నాలుగైదు మారులు చెప్పినది. బాల్యవివాహములను, కట్నములను ఖండించుచు సభలలో మాటలాడిన వాడను నేను, కన్నకూతురిని "అమ్మా, నీ మనసేమి?" అని అడుగుటకు నాకు నోరు రాలేదు. అడిగినచో ఆమె చెప్పునేమో యనియే నా భయము. చెప్పినపిమ్మట నేను విన్నవాడనగుదును. విన్నవానికి బాధ్యత యుండును.

ఆమె డిగ్రీ చదువునపుడు వాడిన ఐఫోను 6 ఇంటిలో బీరువాలో నుండెను. క్రొత్తది కొన్నపుడు దానిని విడిచిపోయినది. పాస్‌కోడు మాకు తెలియదు. అది 2014నాటి రకము. దాని చిప్పు ఏ8. ఏ5నుండి ఏ11 వరకు గల వరుసలో నడిమిది! నేను నేర్చిన విద్య నాకప్పుడు గుర్తుకు వచ్చినది. ఆదివారము మధ్యాహ్నము ఇంటిదానితో చెప్పక ఫోనును జేబులో వేసికొని శిష్యుని దుకాణమునకు పోతిని.

వాడు దానిని చేతబట్టి, "ఎవరిది సార్ ఇది?" అనెను.

"మా యింటిదే."

"ఇంటిదంటే?"

"మా అమ్మాయిది. పాస్‌కోడు మరచిపోయినది. లోపల కొన్ని ఫోటోలున్నవి."

పాఠము చెప్పు నోటితో నేను ఆడిన అబద్ధమది. వాడు నా ముఖమువంక చూడలేదు. ఫోనునే తిరగవేయుచు, "అమ్మాయి అనంతపురంలోనే ఉంది గదా సార్. ఒక ఫోన్ కొడితే చెప్తుంది గదా" అనెను. నేను మాటలాడలేదు. వాడు కొంతసేపటికి, "దీంట్లో రెండు తాళాలుంటాయి సార్. ఒకటి కంపెనీ వేసింది. అది మీమీద వేసింది. దాన్ని నేను తీస్తా. ఇంకోటి ఫోను మనిషి వేసుకున్నది. అది మనమీద వేసింది. దాన్ని నేను ముట్టుకోను" అనెను.

అటుపిమ్మట వాడే చెప్పిన సంగతి యిది. మొదటి గడప దాటినంత మాత్రమున లోపలి పెట్టెలు తెరచుకొనవు. 5ఎస్ మొదలుకొని ఐఫోన్లలో రహస్యములను కాపాడుటకు వేరొక కావలివాడున్నాడు. లోపలి జాబులు, చిత్రములు పాస్‌కోడుతోను, చిప్పులో దాచిన వేరొక సంఖ్యతోను కలిపి గూఢలిపిలో నుంచబడును. కాబట్టి చెకెమ్మెయిట్ ఒక్కటియే చాలదు. అయినను పాస్‌కోడుతో పనిలేకయే కొంత సమాచారము బయటపడును. ఐఫోను 5, 5సి మొదలగు అంతకుముందరి వానిలో ఆ కావలివాడే లేడు గనుక నాలుగంకెల పాస్‌కోడును వరుసగా యత్నించి పట్టుట సులభము. నేరపరిశోధకులకు సాధనములమ్ము సంస్థలు ఈ రంధ్రమును తమ పనిలో చేర్చుకొన్నవి గూడ. "చేసేవాళ్లు ఉంటారు సార్. భార్య ఫోను, చెల్లెలి ఫోను తెస్తుంటారు. నేను పంపించేస్తా" అని వాడు ఫోనును నా చేతబెట్టెను.

నేను వెలికి వచ్చితిని. ఎండ తీవ్రముగా నుండెను. ఇంటికి పోక రైలుస్టేషనున బల్లపై చాలసేపు కూర్చుంటిని.

"మా యింటిదే" అంటినిగదా! షష్ఠీవిభక్తిని ఇరువదియేండ్లు బోధించినవాడను. షష్ఠి సంబంధమును మాత్రమే తెలుపును. ఆ సంబంధము స్వామిత్వమే కానక్కరలేదని తరగతిలో నెన్నిసార్లు చెప్పితిని! చెట్టుయొక్క కొమ్మ వేరు, రైతుయొక్క ఎద్దు వేరు, తండ్రియొక్క కూతురు వేరు. ఈ మూడింటిని ఒక్క 'యొక్క' కట్టివేసినంతమాత్రమున మూడును ఒక్కటి కావు. వ్యాకరణమున మార్కులు రాని శిష్యుడు ఈ భేదమును నాకంటె చక్కగా తెలిసికొన్నాడు.

నా ఫోనుపై సంస్థవారుంచిన తాళమును గూర్చి అంత యుపన్యసించితినే, ఆ తర్కమునే ఇంటిలోనికి ఏల తీసికొనిపోలేదు? అమ్మినవాడు తాళపుచెవి యుంచుకొనుట అన్యాయమైనచో, కన్నవాడు తాళపుచెవి యడుగుట న్యాయమెట్లగును? ఒకే రంధ్రము, దానిలోనుండి యజమాని తన వస్తువులోనికి పోవచ్చును, పరుడు ఇంకొకరి మనస్సులోనికి పోవచ్చును. రంధ్రమునకు ధర్మాధర్మములు తెలియవు. అవి తెలియవలసినది మనకు.

ఈ విషయమున మన చట్టమునకు మౌనము లేదు. యజమాని యనుమతిలేక ఒకరి యంత్రమున ప్రవేశించుటను 2000నాటి సమాచార సాంకేతిక చట్టము 43, 66 విభాగములలో నిషేధించినది. మన పొరుగున కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండి విరమించిన పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా స్వగోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు ప్రభుత్వమును ఉద్దేశించి చెప్పినది. తండ్రులను, మామలను, భర్తలను ఉద్దేశించి కాదు. కాని రాజు చేయరాని పనిని ఇంటి పెద్ద చేయవచ్చునా?

మన యిండ్లలో "ఆడపిల్లకు రహస్యమేమి?" అను మాట మిక్కిలి పాతది. కోడలికి పుట్టింటినుండి వచ్చిన జాబును అత్తగారు ముందుగా విప్పి చదివించుకొను ఆచార మొకప్పుడుండెడిది. దానిని మన పెద్దలు గర్హించిరి. స్త్రీలు చదువుకొనవలెనన్న వాదమునకు తన జాబు తానే చదువుకొనవలెనన్న కోరిక గూడ బలమిచ్చినది. నేడు జాబులు లేవు. భర్త భార్య పాస్‌కోడు నడుగుచున్నాడు. ఇయ్యకున్న అనుమానము, ఇచ్చిన విచారణ. చదువుకొన్నవారి యిండ్లలోనే ఇది యెక్కువ, ఏలయన ఉపాయములు తెలిసినవారు వారే. నేనే సాక్షిని.

రాత్రి ఇంటిదానితో జరిగినదంతయు చెప్పితిని. ఆమె నన్ను తిట్టలేదు. "ఫోను బీరువాలో పెట్టండి. పిల్ల వస్తే మీరే చెప్పండి" అని అన్నము వడ్డించినది.

సంక్రాంతికి అమ్మాయి వచ్చినది. భోగినాటి సాయంకాలము మిద్దెపై నొంటరిగా నున్నపుడు పోయి చెప్పితిని. ఫోను తీసికొనిపోయిన సంగతి, ఆడిన అబద్ధము, శిష్యుని మాటలు, అన్నియు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. కన్నులలో నీరు నిలిచినది.

"నాన్నా, నన్ను అడగడంకన్నా ఆ తాళం పగలగొట్టడం మీకు సులభం అనిపించిందా?" అనెను.

ఆ ప్రశ్నకు నేను బదులు చెప్పలేకపోతిని. "తప్పు చేసినానమ్మా" అని మాత్రము అంటిని. ఆమె క్రిందికి దిగిపోయినది. ఆ పండుగ మూడుదినములును నాతో ముక్తసరిగానే మాటలాడినది. పోవునపుడు ఆ పాత ఫోనును తన సంచిలో వేసికొన్నది. నేను చూచుచునే యుంటిని; ఏమియు అడుగలేదు.

రెండు నెలల పిమ్మట ఒక రాత్రి ఆమెయే ఫోను చేసి, చదువు ముగిసినపిదప పరిశోధన చేయవలెనని తన తలంపనియు, ఈ మాట చెప్పిన మేము "పెండ్లియైన పిమ్మట చేసికొనవచ్చును" అందుమని భయపడితిననియు చెప్పినది. అదియే కారణమా, వేరొకటి గూడ కలదా, నాకు తెలియదు. చెప్పినంత విన్నాను. హిందూపురమువారికి మర్యాదగా జాబు వ్రాసితిని.

ఇక చదువరులకు నా యనుభవమునుండి నాలుగు మాటలు. పాత ఫోనును అమ్మునపుడుగాని, ఇతరులకిచ్చునపుడుగాని, మూలపెట్టునపుడుగాని లోపలి దంతయు తుడిచివేయుడు. బూట్‌రామ్ రంధ్రము మానదు, ఆ ఫోను బ్రదికినన్నాళ్లు ఉండును. నాలుగంకెల పాస్‌కోడు చాలదు. ఆరంకెలైనను, అక్షరములు కలిపినదైనను పెట్టుకొనుడు. మరమ్మతుకిచ్చినపుడు సాధ్యమైనంతవరకు ఎదుటనే కూర్చుండుడు. మీ స్వంత ఫోనును విడిపించుకొనదలచినచో విడిపించుకొనుడు. అది మీ వస్తువు. కాని బిడ్డల పాస్‌కోడు, భార్య పాస్‌కోడు తెలిసికొనుటకు ఉపాయము వెదకుచున్నామని మీకు తోచిన దినమున, తీగను ప్రక్కన పెట్టి, వారిప్రక్కన కూర్చుండుడు.

మా అమ్మ ట్రంకుపెట్టె నేటికిని మా యింట నున్నది. మొన్న అమ్మాయి వచ్చినపుడు దాని తాళపుచెవిని ఆమె కిచ్చితిని. అందులోని జాబులు చదువవలెనో వలదో ఆమెయే నిర్ణయించుకొనును. ఆమె తెచ్చుకొన్న పాత ఫోనులో నేమున్నదో నాకు నేటికిని తెలియదు.